చిటికెడు వెలిగారం, సీసాలోని బోరాన్

అరవై దాటిన ఆడవారు నలుగురు చేరినచోట మోకాళ్ళ నొప్పుల ప్రసంగం రాకుండా వుండదు. మా పెద్దమ్మగారికి డెబ్బైరెండేళ్ళు. మూడు తరాలుగా కోయంబత్తూరులో స్థిరపడిన కుటుంబం మాది. అమెరికాలో వుద్యోగం చేస్తున్న మనుమడు ఆవిడ నొప్పుల సంగతి విని, యెముకలకూ కీళ్ళకూ బలమిచ్చే మాత్రలంటూ ఒక సీసా పంపాడు. రెండు నెలలు వాడారు. సీసా అయిపోయింది. నొప్పి కాస్త తగ్గినట్టున్నదని ఒకరోజు, లేదని ఒకరోజు చెబుతూ వచ్చారు.

సీసా చీటీమీద వున్నదేమిటో మనుమరాలిచేత చదివించుకున్నారు. బోరాన్ మూడు మిల్లీగ్రాములు. సోడియం బోరేట్ రూపంలో, అని వున్నది. ఆ పిల్ల సెల్‌ఫోనులో వెదికి, "అవ్వా, ఇది మన వెలిగారమే" అని తేల్చింది. పెద్దమ్మగారు వెంటనే నన్ను పిలిపించారు.

"ఏరా అబ్బాయీ, రెండూ ఒకటే సరుకైతే డాలర్లు పోసి తెప్పించుకోవడం దేనికి? నాటుమందుల అంగట్లో అడిగితే పొట్లం కట్టి యిస్తాడు గదా. రోజూ చిటికెడు మజ్జిగలో వేసుకుంటే చాలదూ?"

"వద్దు పెద్దమ్మా" అన్నాను గాని, యెందుకు వద్దో వివరించడానికి నాకు వారం రోజులు పట్టింది. ఆవిడ అడిగిన ప్రశ్న తెలివితక్కువ ప్రశ్న కాదు. సరుకు ఒకటే అన్నది చాలావరకు నిజం. అందులోనే ప్రమాదమంతా వున్నది. ఈ మాత్రల సీసాలు యిప్పుడు మన యిండ్లలో చాలాచోట్ల కనిపిస్తున్నవి గనుక, నేను తెలుసుకున్న సంగతులు మన సంఘ కుటుంబాలతో పంచుకోవడం మంచిదనిపించింది.

వెలిగారం మనకు కొత్త కాదు

బోరాన్ అనేది మూలకాలలో ఒకటి; వరుసలో అయిదవది. ప్రకృతిలో అది ఒంటరిగా దొరకదు. ఆక్సిజనుతోనూ, సోడియం వంటి లోహాలతోనూ కూడి లవణాలుగా వుంటుంది. వాటిలో ముఖ్యమైనది వెలిగారం. తమిళులు వెంకారమనీ, కన్నడిగులు బిళిగారమనీ అంటారు. సంస్కృతంలో దీని పేరు టంకణము. కంసాలి బంగారు నగకు అతుకు వేసేటప్పుడు వెలిగారం రాస్తాడు. వేడికి అది కరిగి, లోహంమీద పేరుకున్న మాలిన్యపు పొరను తనలో కలుపుకుని తొలగిస్తుంది. అప్పుడు అతుకు గట్టిగా పట్టుతుంది.

పూర్వం ఈ సరుకు టిబెట్టు సరస్సుల ఒడ్డునుంచీ, లడక్‌లోని పూగా లోయనుంచీ, గొర్రెల మేకల వీపులమీద మూటలుగా హిమాలయపు కనుమలు దాటి వచ్చేది. నేడు ప్రపంచంలోని బోరాన్ నిల్వలలో అధికభాగం టర్కీ దేశంలో వున్నది. వెలిగారంనుంచి బోరాన్‌ను వేరుచేసినది 1808లో. పారిసులో గేలుస్సాక్, తెనార్ అనే యిద్దరూ, లండనులో హంఫ్రీ డేవీ, దాదాపు ఒకే సమయంలో ఆ పని చేశారు.

వెలిగారానికి దగ్గర చుట్టం బోరిక్ ఆమ్లం. క్యారమ్స్ బల్లమీద పిల్లలు చల్లే తెల్లపొడిగానూ, గోధుమపిండితో కలిపి బొద్దింకలకు పెట్టే ఉండలలోనూ మనం చూసే బోరిక్ పౌడరు అదే. ఒకే మూలకం యొక్క రూపం కంసాలి కుంపటి దగ్గరా, బొద్దింకల ఉండలోనూ, కీళ్ళనొప్పుల మాత్రలోనూ కనిపించడం వింతగా తోచవచ్చు. కాని ఖనిజాల విషయంలో ఏ పదార్థమన్నది సగం ప్రశ్నే. ఎంత అన్నదే మిగతా సగం.

మొక్కల సాక్ష్యం

బోరాన్ జీవానికి అవసరమని మొదట చెప్పినవి మొక్కలు. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయంలో కేథరిన్ వారింగ్టన్ అనే శాస్త్రజ్ఞురాలు 1923లో ఒక సంగతి నిరూపించింది. బోరాన్ లేని నీటిలో పెంచిన చిక్కుడుజాతి మొక్కలు చివుళ్ళు మాడి చనిపోయినవి. లేశమాత్రం బోరాన్ కలిపితే చక్కగా పెరిగినవి. అప్పటినుంచి బోరాన్ మొక్కలకు తప్పనిసరి అని శాస్త్రలోకం అంగీకరించింది.

ఈ సంగతి మన రైతులకూ అనుభవంలో వున్నదే. బోరాన్ తక్కువైన నేలలో పండిన వేరుసెనగ పప్పును రెండు బద్దలుగా విడదీస్తే లోపలివైపు గుంటపడి గోధుమరంగుగా కనిపిస్తుంది. పైకి చూస్తే గింజ బాగానే వుంటుంది. కొబ్బరిచెట్టు అయితే లేత ఆకులు సరిగా విచ్చుకోవు, కాపు పడిపోతుంది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ వారు కర్ణాటక, ఆంధ్ర ప్రాంతాలలో మెట్ట రైతుల నేలలు పరీక్షించి, గంధకం, జింకులతోపాటు బోరాన్ కొరత కూడా విస్తారంగా వున్నదని కనుగొన్నారు. కర్ణాటకలో 2009లో ప్రారంభమైన భూచేతన పథకంలో ఈ సూక్ష్మపోషకాలను నేలకు అందించే పని పెద్దయెత్తున జరిగింది. ఒడిశాలోని నేలలలోనూ బోరాన్ కొరత తెలిసిన విషయమే.

మరి మొక్కకు అంత అవసరమైనది మనిషికీ అవసరమే గదా, అనిపిస్తుంది. ఇక్కడే నిదానించాలి. మొక్కలో బోరాన్ చేసే పని యేమిటి? మొక్కలోని ప్రతి కణానికీ చుట్టూ ఒక గోడ వుంటుంది. ఆ గోడలో పెక్టిన్ అనే జిగురు పదార్థం వున్నది. పండ్ల జామ్ గడ్డకట్టేది దానివల్లనే. ఆ పెక్టిన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసేది బోరాన్. ముడి లేకపోతే గోడ నిలవదు, లేత చివురు పెరగదు. మన శరీరంలోని కణాలకు అటువంటి గోడ లేదు. కనుక మొక్క సాక్ష్యాన్ని యథాతథంగా మనిషికి అన్వయించడానికి వీలులేదు. మనిషి సంగతి మనిషిలోనే చూడాలి.

మనిషి సంగతి

మన శరీరం మొత్తంమీద వుండే బోరాన్ కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే. ఎముకలలోనూ, గోళ్ళలోనూ, వెంట్రుకలలోనూ కొంచెం యెక్కువగా వుంటుంది. తిన్న బోరాన్‌లో నూటికి 85 నుంచి 90 వంతులు రక్తంలోకి చేరి, చాలావరకు మూత్రం ద్వారా బయటికి పోతుంది. శరీరం దానిని పెద్దగా దాచుకోదు.

మాత్రల వ్యాపారానికి ఊపిరి పోసినది 1987లో వెలువడిన ఒక పరిశోధన. అమెరికా వ్యవసాయశాఖవారికి ఉత్తర డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్ అనే ఊళ్ళో పోషకాహార పరిశోధనాలయం వున్నది. అక్కడ ఫారెస్ట్ నీల్సన్, కర్టిస్ హంట్ ప్రభృతులు 48 మొదలు 82 ఏండ్ల వయస్సు గల, ముట్లుడిగిన పన్నెండుమంది స్త్రీలను పరిశోధనాలయంలోనే వుంచి, బోరాన్ బహు తక్కువగా వుండే ఆహారం 119 రోజులు పెట్టారు. తరువాత రోజుకు మూడు మిల్లీగ్రాముల బోరాన్ యిచ్చి చూశారు. మూత్రంలో పోయే కాల్షియం, మెగ్నీషియం తగ్గినవి. రక్తంలో ఈస్ట్రొజెన్, టెస్టోస్టెరోన్ అనే హార్మోనులు పెరిగినవి. ఎముకలలోనుంచి కాల్షియం జారిపోతుందని బెంగపడే వయస్సు స్త్రీలకు ఇది మంచి కబురుగా వినిపించింది.

అయితే ఒక పరిశోధనతో శాస్త్రం తేలిపోదు. పన్నెండుమంది అంటే మన వీధిలో ఒక పేరంటానికి వచ్చేవారికన్నా తక్కువ. పైగా వారికి అంతకుముందు నాలుగునెలలు కావాలని బోరాన్ తక్కువ ఆహారం పెట్టారు. మామూలుగా పప్పూ కూరా తినేవారి సంగతి వేరు. 1993లో ప్రచురితమైన మరొక పరిశీలనలో ఆరుగురు స్త్రీలకు యిదే విధంగా బోరాన్ యిచ్చి చూస్తే హార్మోనులలో ఆ పెరుగుదల కనిపించలేదు.

టెస్టోస్టెరోన్ పేరు వినగానే కండలు పెంచే యువకులు ఈ మాత్రలవైపు పరుగెత్తారు. దానినీ పరీక్షించారు. 1993లోనే వెలువడిన ఆ పరిశీలనలో 19మంది కసరత్తు యువకులలో కొందరికి ఏడువారాలపాటు రోజుకు రెండున్నర మిల్లీగ్రాముల బోరాన్, మిగిలినవారికి మందులేని వుత్తి మాత్రలు యిచ్చారు. బలం ఇద్దరికీ పెరిగింది, కసరత్తువల్ల. బోరాన్ తీసుకున్నవారికి అదనంగా ఒరిగింది ఏమీ లేదు. ఇంత జరిగినా, నేటికీ కొన్ని సీసాలమీద మగతనమూ కండబలమూ అన్న మాటలు పెద్ద అక్షరాలలో అచ్చవుతూనే వున్నవి.

ఇక మా పెద్దమ్మగారికి కావలసిన కీళ్ళనొప్పుల సంగతి. ఆస్ట్రేలియాలో 20మంది కీళ్ళవాత రోగులమీద జరిగిన ప్రయోగఫలితం 1990లో వెలువడింది. రోజుకు ఆరు మిల్లీగ్రాముల బోరాన్ తీసుకున్నవారిలో సగంమందికి గుణం కనిపించింది. వుత్తి మాత్ర తీసుకున్నవారిలో పదింట ఒకరికి మాత్రమే. ఆశ పుట్టించే ఫలితమే. కాని 20మందితో చేసినది మొదటి మెట్టు మాత్రమే. వందలమందితో, ఏండ్ల తరబడి చేసిన పెద్ద ప్రయోగం దాని వెనుక లేదు. కీళ్ళనొప్పి ఒకనాడు హెచ్చి ఒకనాడు తగ్గే బాధ గనుక, కొద్దిమందిలో కనిపించిన గుణం మందుదో కాలానిదో తేల్చడం కష్టం.

మొత్తంమీద చెప్పదగినది ఇది. ఇనుము తక్కువైతే రక్తహీనత, అయొడిన్ తక్కువైతే గొంతువాపు వచ్చినట్లు, బోరాన్ తక్కువైతే మనిషికి ఫలానా జబ్బు వస్తుందని యింతవరకు ఎవరూ నిరూపించలేదు. ఎముకలకు మేలు చేయవచ్చునన్న సూచనలు వున్నవి. సూచన వేరు, రుజువు వేరు. సీసామీది చీటీ సూచనను రుజువుగా చెబుతుంది.

తినే తిండిలో యెంత?

బోరాన్ రోజుకు యింత తినాలి అన్న నిర్ణయం అమెరికా నిపుణులు చేయలేదు; అందుకు తగిన ఆధారం లేదన్నారు. కాని యింతకు మించరాదు అన్న హద్దు మాత్రం 2001లో పెట్టారు. పెద్దలకు రోజుకు 20 మిల్లీగ్రాములు. మూడేండ్ల లోపు పిల్లలకు మూడే మిల్లీగ్రాములు. ఐరోపావారు 2004లో యింకా జాగ్రత్తపడి పెద్దలకు 10 మిల్లీగ్రాములన్నారు. పెద్ద మోతాదులో బోరిక్ ఆమ్లం తినిపించిన జంతువులలో సంతానశక్తి దెబ్బతిన్నది, గర్భంలోని పిల్లల బరువు తగ్గింది. ఆ ఫలితాలను ఆధారంగా తీసుకునే ఈ హద్దులు పెట్టారు. హద్దు అంటే చేరవలసిన గమ్యం కాదు, దాటకూడని గట్టు.

ఇక తిండి. అమెరికాలో పెద్దవారు మామూలు భోజనంలోనే రోజుకు సుమారు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాముల బోరాన్ తింటున్నారు. బోరాన్ ముఖ్యంగా మొక్కలనుంచి వచ్చేది గనుక శాకాహారులకు కొంచెం యెక్కువే అందుతుంది. అక్కడ కట్టిన లెక్కల ప్రకారం గుప్పెడు వేరుసెనగపప్పులో, అంటే 28 గ్రాములలో, అర మిల్లీగ్రాముకు కొంచెం తక్కువ వున్నది. 43 గ్రాముల ఎండుద్రాక్షలో 0.95, ఒక ఆపిల్ పండులో 0.66, ఒక కమలాపండులో 0.37, ఒక అరటిపండులో 0.16 మిల్లీగ్రాములు. చిక్కుడు గింజలలోనూ పప్పుధాన్యాలలోనూ బాగానే వుంటుంది. పాలలో, కాఫీలో వుండేది స్వల్పమే అయినా, రోజుకు మూడు నాలుగు సార్లు తాగేవారికి అదీ కొంత లెక్కకు వస్తుంది. పండిన నేలనుబట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతవి. అయినా సంగతి స్పష్టమే. గుప్పెడు వేరుసెనగలు, కాసిని ఎండుద్రాక్షలు, ఒక పండు తిన్న మనిషికి రెండు మిల్లీగ్రాముల దాకా సీసా లేకుండానే అందుతున్నది. మాత్రలో వుండేది మూడు.

పెరటిచెట్టు మందుకు పనికిరాదని మన సామెత. అంగట్లోని వేరుసెనగ మనకు తిండి. అమెరికానుంచి సీసాలో వస్తేనే మందు!

చిటికెడు లెక్క

ఇప్పుడు పెద్దమ్మగారి చిటికెడుకు వద్దాము. లెక్క తేలికే. ఒక గ్రాము వెలిగారంలో 113 మిల్లీగ్రాముల బోరాన్ వుంటుంది. బోరిక్ పౌడరులో అయితే 175. సీసాలోని మాత్రకు కావలసిన మూడు మిల్లీగ్రాముల బోరాన్ రావాలంటే వెలిగారం 26 మిల్లీగ్రాములు చాలు. బియ్యపు గింజ ఒకటి సుమారు అంత బరువు తూగుతుంది. అంత పొడిని మన వంటింట్లో ఎవరు తూచగలరు?

రెండు వ్రేళ్ళతో తీసే చిటికెడు పావు గ్రామే అనుకుందాము. అందులో 28 మిల్లీగ్రాముల బోరాన్ వున్నది. అనగా ఒక చిటికెడుతోనే అమెరికావారు పెట్టిన హద్దు దాటినట్టు. ఐరోపావారి హద్దుకు దాదాపు మూడింతలు. చెంచాడు అయితే ఇక చెప్పనక్కరలేదు. వెలిగారాన్ని పెనంమీద పొంగిస్తే అందులోని నీరు పోయి బోరాన్ పాలు యింకా పెరుగుతుంది. నీరంతా పోయినప్పుడు గ్రాముకు 215 మిల్లీగ్రాములు. ఒకే చిటికెడు, రెండింతల మోతాదు. పైగా అంగట్లో దొరికేది కంసాలి పనికి వచ్చే సరుకు. నోట్లో వేసుకోవడానికి శుద్ధిచేసినది కాదు.

వెలిగారం ఒంట్లోకి పోతే యేమవుతుందో నూరేండ్లకు పైగానే తెలుసు. ఒకప్పుడు పాశ్చాత్యదేశాలలో మాంసమూ వెన్నా చెడకుండా అందులో వెలిగారం కలిపేవారు. 1902లో అమెరికా వ్యవసాయశాఖలో హార్వే వైలీ అనే రసాయనశాస్త్రజ్ఞుడు, స్వచ్ఛందంగా వచ్చిన పన్నెండుమంది యువకులకు వెలిగారం కలిపిన భోజనం పెట్టి పరీక్షించాడు. ఆకలి చచ్చిపోయింది, తలనొప్పులు వచ్చినవి, కడుపులో బాధ పుట్టింది. పత్రికలు వారికి విషదళమని పేరుపెట్టినవి. ఆ ప్రయోగాలు తెచ్చిన సంచలనం 1906లో అమెరికాలో ఆహారశుద్ధి చట్టం రావడానికి తోడ్పడింది.

మోతాదు మరీ మించితే వాంతులు, విరేచనాలు, చర్మంమీద ఎర్రని దద్దుర్లు, మూర్ఛలు కూడా వస్తవి. పసిపిల్లలకు ప్రమాదం యెక్కువ. ఈ మాట మన యిండ్లలోని పెద్దలందరూ మనసులో వుంచుకోవాలని నా ప్రార్థన. నోటిపూత వచ్చిన పసిబిడ్డ నాలుకమీద వెలిగారం తేనెలో రంగరించి రాయడం మన పాతకాలపు అలవాటు. పాశ్చాత్యదేశాలలోనూ వుండేది, బిడ్డ చీకే రబ్బరు చనుమొనకు తేనె, వెలిగారం పూసేవారు. అలా వారాల తరబడి పూసిన బిడ్డలకు మూర్ఛలు వచ్చిన సంగతి 1970, 1980 దశకాలలో వైద్య పత్రికలలో నమోదైంది. పూత మానివేసిన తరువాత మూర్ఛలు ఆగినవి. ఒక్కొక్కసారి రాసినది కొంచెమే. కాని రోజూ రాశారు, బిడ్డ చిన్నది. మన అవ్వలు బిడ్డల మేలుకోరే చేశారు, సందేహం లేదు. తెలిసిన తరువాత మనం చేయకూడదు.

ఈ పాతకథ మళ్ళీ కొత్తగా మొదలైంది. 2023లో అమెరికాలో కొందరు నీళ్ళలో వెలిగారం కలుపుకుని తాగితే కీళ్ళనొప్పులు పోతవని సెల్‌ఫోను వీడియోలలో ప్రచారం చేశారు. వైద్యులు గట్టిగా హెచ్చరించవలసి వచ్చింది. అటువంటి వీడియోలు యెల్లలు లేకుండా తిరుగుతున్నవి. మన యింటి పిల్లలు చూపిస్తే మన పెద్దలు నమ్ముతున్నారు.

సీసా కొనేవారికి

బోరాన్ మాత్రలు విషమని నా అభిప్రాయం కాదు. రోజుకు మూడు మిల్లీగ్రాములు తీసుకునే ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి వాటివల్ల హాని జరిగే అవకాశం తక్కువ. మేలు జరుగుతుందన్న హామీ కూడా లేదు. కొనదలచినవారు కొన్ని సంగతులు గమనించవలెను.

చీటీమీద బోరాన్ యెన్ని మిల్లీగ్రాములో చూడండి. సిట్రేట్, గ్లైసినేట్, ఫ్రక్టోబోరేట్ అని పేర్లు వేరువేరుగా వున్నా చూడవలసినది అందులోని బోరాన్ అంకెనే. ఎముకల బలానికి అమ్మే కాల్షియం మాత్రలలోనూ, బహుళ విటమిను మాత్రలలోనూ బోరాన్ కలిపివుండవచ్చు. రెండు మూడు సీసాలు ఒకేసారి వాడేవారు అన్నీ కలిపి లెక్క వేసుకోవాలి. బోరాన్ బయటికి పోయే దారి మూత్రపిండాలు. వాటి జబ్బు వున్నవారు వైద్యుణ్ణి అడగకుండా ముట్టకూడదు. గర్భిణులూ, చంటిబిడ్డ తల్లులూ, హార్మోనులకు సంబంధించిన కాన్సరుకు చికిత్స పొందినవారూ అంతే. పిల్లలకు ఈ మాత్రలు వద్దేవద్దు. ఇంట్లో వెలిగారంగాని, బోరిక్ పౌడరుగాని వుంటే, ఉప్పు పంచదార డబ్బాల దరిదాపుల్లో లేకుండా, పేరు రాసి పైఅరలో పెట్టండి. మూడూ తెల్లగానే వుంటవి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి వున్నది. మోకాలి నొప్పికి సీసా కొనేముందు ఆ నొప్పి యేమిటో తెలుసుకోవాలి. కీలు అరిగిందా, డి విటమిను తక్కువా, ఎముక బలహీనపడిందా, బరువు పెరిగిందా? ఒక్కొక్కదానికి చికిత్స ఒక్కొక్కటి. సీసా చేసే పెద్దనష్టం చాలాసార్లు దానిలోని మందువల్ల కాదు. మందు వేసుకుంటున్నాము గదా అని వైద్యుని దగ్గరికి వెళ్ళడం వాయిదా వేయడంవల్ల.

వారం తరువాత ఈ లెక్కలన్నీ కాగితంమీద రాసుకుని పెద్దమ్మగారి దగ్గరికి వెళ్ళాను. వంటింట్లోనుంచి ఒక బియ్యపు గింజ తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టి, "మీ మాత్రలో వుండే వెలిగారం ఇంత బరువు" అన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. తరువాత రెండు వ్రేళ్ళతో ఉప్పు చిటికెడు తీసి దాని ప్రక్కన పోసుకుని, "ఇది ఎన్నిరెట్లురా?" అని అడిగారు. పదిరెట్లకు తక్కువ లేదన్నాను. "అయితే మన చేతికి కొలత తెలియదన్నమాట" అన్నారు.

మరుసటి సోమవారం మనుమరాలిని వెంటబెట్టుకుని ఎముకల వైద్యుని దగ్గరికి వెళ్ళివచ్చారు. రక్తపరీక్షలో డి విటమిను బాగా తక్కువ అని తేలింది. దానికి మందూ, తొడకండరాలు గట్టిపడే వ్యాయామమూ చెప్పారు. ఇప్పుడు రోజూ సాయంత్రం కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెడుతున్నారు. ప్రక్కన చిన్న గిన్నెలో వేయించిన వేరుసెనగపప్పు వుంటుంది. అమెరికా మనుమడు ఫోనులో మరో సీసా పంపనా అని అడిగితే, "సీసా వద్దురా నాయనా, ఈసారి నువ్వే రా" అన్నారట.